తెలుపెందుకు.. తేటగా ఉంటే చాలదూ!

షోలాపూర్ తెలుగింటి ఆడవాళ్ల ‘పావుగంట’ ముచ్చట

షోలాపూర్: పొద్దున ఆరు దాటింది. వాకిట్లో ముగ్గు పడింది. పొయ్యి మీద చాయ్ మరుగుతోంది. రాత్రి పొద్దుపోయేదాకా చుట్టిన బీడీలను కట్టలు కట్టి బుట్టలో సర్దుకుంది ఇల్లాలు. కార్ఖానాకు పోయి లెక్క అప్పజెప్పాలి. మళ్లీ ఆకూ, పొగాకూ తెచ్చుకోవాలి. ఆలస్యమైతే వరుసలో వెనకబడుతుంది. అయినా సరే, గడప దాటేముందు గోడకున్న అద్దం దగ్గర ఆగుతుంది. చెదిరిన వెంట్రుకలు సవరించుకుంటుంది. బొట్టు చూసుకుంటుంది. చెంగు సర్ది పిన్ను పెట్టుకుంటుంది. అంతా కలిపి రెండు నిమిషాలు. రోజంతటిలో ఆమె తనకోసం వాడుకునే సమయం చాలాసార్లు అంతే.

షోలాపూర్ తూర్పు భాగంలోని తెలుగు వాడల్లో ఏ గల్లీకి పోయినా కనిపించే దృశ్యమిది. ఇక్కడ 1877లో మొదటి బట్టల మిల్లు వచ్చింది. ఆ కాలం నుంచీ తెలంగాణ పల్లెల నుంచి పద్మశాలీ కుటుంబాలు వస్తూనే ఉన్నాయి. మగవాళ్లు మగ్గాల మీద, తర్వాత పవర్‌లూమ్‌ల మీద చద్దర్లు, టవల్స్ నేశారు. ఆడవాళ్లు ఇంటిపట్టున బీడీలు చుట్టారు. తరాలు మారినా ఇంట్లో తెలుగు పోలేదు, బజారులో మరాఠీ తప్పలేదు. కట్టూబొట్టూ కూడా అంతే. సగం అమ్మమ్మ నేర్పింది, సగం పక్కింటి మరాఠీ వహినిని చూసి నేర్చుకున్నది.

ఇప్పుడు దీంట్లోకి మూడోది కూడా వచ్చింది. అది ఫోనులో కనిపించే అందం. ‘వారంలో తెల్లబడండి’ అంటూ పేరూ ఊరూ లేని డబ్బాలు ఇంటిదాకా వస్తున్నాయి. దేనిని ఉంచుకోవాలి, దేనిని మార్చుకోవాలి, దేనిని గడప బయటే ఆపాలి అన్నది తెలిస్తే చాలు. అందానికి డబ్బు కంటే ఆ ఎరుకే ముఖ్యం.

చేతులే ముందు

అందం అనగానే అందరి చూపూ ముఖం మీదికే పోతుంది. బీడీలు చుట్టే ఇంట్లో మాత్రం ముందు చూసుకోవలసింది చేతులను. తునికాకు నానబెట్టాలి, కత్తెరతో కత్తిరించాలి, పొగాకు నింపి చుట్టాలి, దారం కట్టాలి. తడి ఆకు, పొడి పొగాకు మార్చిమార్చి తగిలి వేళ్ల చర్మం గరుకుబారుతుంది. చివర్లు పగులుతాయి. పొగాకులోని నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. పగుళ్లుంటే ఇంకా సులువు. కాబట్టి ఇది చేతుల సొగసు గురించే కాదు, ఆరోగ్యం గురించి కూడా.

పని మధ్యలో చేతికి నూనె రాస్తే ఆకు జారుతుంది, పొగాకు అంటుకుంటుంది. అందుకే నూనె రాత్రికి ఉంచుకోవాలి. చాట పక్కన పెట్టగానే సబ్బుతో మోచేతి వరకూ కడుక్కోవాలి. గోళ్ల సందుల్లో దుమ్ము ఉండిపోతుంది. పాత పళ్ల బ్రష్షు ఒకటి దీనికోసమే ఉంచుకుంటే పని తేలిక. చేయి పూర్తిగా ఆరకముందే, కాస్త తడిగా ఉన్నప్పుడే నాలుగు చుక్కల కొబ్బరినూనె గానీ, వ్యాసలైను గానీ రాసి పడుకోవాలి. తడి మీద రాస్తే ఆ తడి చర్మంలో నిలుస్తుంది. వారం రోజులు వదలకుండా చేస్తే తేడా తెలుస్తుంది.

చేతులు కడగకుండా ముఖం తుడుచుకోవడం, కన్ను నలుపుకోవడం, పసిపిల్లను ఎత్తుకోవడం మానుకోవాలి. కంటి మంటలకు, బుగ్గల మీద దురదలకు సగం కారణం ఆ చేతులే కావచ్చు. మడమల పగుళ్లకూ ఇదే వైద్యం. గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు పాదాలుంచి, రాయితో మెల్లగా రుద్ది, నూనె రాసి, పాత నూలు సాక్సులు తొడుక్కుని పడుకుంటే సరి. రక్తం వచ్చేంత లోతుగా పగిలినా, షుగరు జబ్బు ఉన్నా రాయి ముట్టకుండా డాక్టరుకు చూపించుకోవాలి.

నీళ్లొచ్చిన రోజు తలంటు

తలంటు ఎప్పుడంటే చాలా ఊళ్లలో శుక్రవారమనో, శనివారమనో చెబుతారు. షోలాపూర్‌లో ఏళ్ల తరబడి నాలుగైదు రోజులకోసారి నల్లా వచ్చేది. ఉజని డ్యామ్ నీళ్ల కోసం డ్రమ్ములు నింపి పెట్టుకున్న ఊరిది. ‘నీళ్లొచ్చినయ్’ అన్న కేక వినపడ్డ రోజే తలంటు రోజు. ఆ అలవాటు వల్ల ఓ మేలూ జరిగింది. రోజూ తల రుద్దుకునే పని లేకుండా పోయింది. వారానికి రెండుసార్లు తలంటుకుంటే చాలామందికి సరిపోతుంది.

కుంకుడుకాయను ఇక్కడి బజారులో ‘రిఠా’ అని, శీకాయను ‘శికేకాయి’ అని అడగాలి. కుంకుడులోని సపోనిన్ అనే పదార్థమే నురగ. గింజ తీసి రాత్రి నానబెట్టి, పొద్దున మరిగించి వడగట్టుకోవాలి. వడగట్టకపోతే తొక్కలు తలలో ఇరుక్కుంటాయి. కళ్లలో పడితే మండుతుంది, పిల్లలకు పోసేటప్పుడు జాగ్రత్త. ఓపిక లేనిరోజు మామూలు షాంపూ వాడినా తప్పేమీ లేదు. బట్టల సబ్బుతో మాత్రం తల రుద్దొద్దు. దానిలోని క్షారం వెంట్రుకను గడ్డిలా చేస్తుంది.

నూనె సంగతి కూడా అంతే. తలంటుకు గంట ముందు రాస్తే చాలు. రోజూ కారేలా పట్టించి వదిలేస్తే దానికి పొగాకు దుమ్మూ, టవల్ కార్ఖానాల్లో ఎగిరే నూలు నూగూ అంటుకుంటాయి. చుండ్రు ఉన్నవాళ్లకు నూనె పెరిగినకొద్దీ అది ముదురుతుంది. పనిచేసేటప్పుడు తలకు పాత నూలు గుడ్డ కట్టుకుంటే సగం బాధ తప్పుతుంది. అమ్మమ్మలు కొంగు తలమీదుగా కప్పుకుని పనికి కూర్చున్నది అందుకే!

ఇంకో మాట. తడి జుట్టును బిగించి అల్లొద్దు. తలనొప్పి వచ్చేంత గట్టిగా రోజూ జడ లాగి కట్టేవాళ్లకు నుదుటి దగ్గర, కణతల దగ్గర జుట్టు పలచబడుతుంది. ఇస్కూలు పిల్లల రెండు జడలకూ ఇది వర్తిస్తుంది. కాస్త వదులుగా అల్లితే జుట్టూ మిగులుతుంది, ముఖానికీ కళ వస్తుంది.

నలుగన్నా, ఉటణె అన్నా ఒకటే

తెలుగింట్లో నలుగు, మరాఠీ ఇంట్లో ‘ఉటణె’. దీపావళి ముందు నరకచతుర్దశి తెల్లవారుజామున ఇక్కడి మరాఠీ ఇళ్లలో నూనె, ఉటణె రాసుకుని అభ్యంగ స్నానం చేస్తారు. తెలుగువాళ్ల నలుగుపిండీ దాదాపు ఆ కోవదే. శనగపిండో, పెసరపిండో, కాస్త పసుపు, కాస్త పాలో పెరుగో. మట్టి, జిడ్డు, మృతకణాలు పోతాయి. ముఖం తేటబడుతుంది. అంతవరకే దాని పని. నలుగు పెట్టుకుంటే రంగు మారుతుందన్నది ఉత్త మాట.

వారానికి ఒకట్రెండు సార్లు మించి పెట్టొద్దు. పిండి మెత్తగా జల్లించుకోవాలి. బరకగా ఉంటే చర్మం గీరుకుపోతుంది. ఎండి పిడచ కట్టేదాకా ఉంచి గట్టిగా రుద్దితే మొటిమలు చిట్లి మచ్చలు పడతాయి. ఆరకముందే తడిచేత్తో తీసేయాలి.

పసుపు విషయంలో ఒక హెచ్చరిక. పొడి పసుపు నిగనిగలాడాలని కొందరు వ్యాపారులు సీసం ఉన్న పసుపు రంగు కలుపుతారు. లెడ్ క్రోమేట్ అనే ఆ రంగు ఒంటికి విషం, పిల్లలకు మరీనూ. షోలాపూర్‌కు ఒకవైపు సాంగ్లీ, ఇంకోవైపు నిజామాబాద్ ఉన్నాయి. రెండూ పసుపుకు పేరున్నవే. కొమ్ములు కొని, కడిగి ఆరబెట్టి, గిర్నీలో పట్టించుకోవడం అన్నింటికన్నా మేలు. పాలిష్ చేసి మరీ పచ్చగా మెరిసే కొమ్ములు వద్దు.

ఫోనుల్లో చూసి ముఖానికి నిమ్మరసం, వంటసోడా, పళ్లపేస్టు పూసుకునేవాళ్లు పెరిగారు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి పోతే నల్లమచ్చలు, బొబ్బలు కూడా రావచ్చు. సోడా చర్మాన్ని ఎండగడుతుంది. పేస్టు మొటిమను మండిస్తుంది. ఇవి వంటింట్లో, పెరట్లో ఉండవలసినవే. ముఖానికి పనికిరావు.

ఎండాకాలం ఇక్కడ 42, 43 డిగ్రీలు మామూలే. స్కూటీ మీద పోయే అమ్మాయిలు ముఖానికి ఓఢ్ణీ చుట్టుకోవడం చూసి నవ్వేవాళ్లున్నారు గానీ, అది తెలివైన పని. నూలుదైతే, రోజూ ఉతికినదైతే మరీ మంచిది. కొనగలిగితే సన్‌స్క్రీన్, ఎస్‌పీఎఫ్ 30 ఉన్నది, బయటికి పోయే పావుగంట ముందు రాసుకోవాలి. లేదంటే గొడుగు, చెంగు, చెట్టునీడ.. ఏదైనా సరే.

బొట్టు కింద తెల్లమచ్చ

నుదుట స్టిక్కర్ తీయగానే కింద గుండ్రంగా తెల్లగా కనిపిస్తోందా? కంగారు పడొద్దు, కానీ ఊరుకోవద్దు. కొన్ని స్టిక్కర్ల జిగురులో పారా టెర్షరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం ఉంటుంది. అది పడనివాళ్లకు అక్కడి రంగుకణాలను దెబ్బతీస్తుంది. మొదట దురద, ఎరుపు, తర్వాత తెలుపు. చాలామంది ఆ మచ్చను కప్పడానికి ఇంకా పెద్ద స్టిక్కర్ పెడతారు. దాంతో మచ్చా పెద్దదవుతుంది. దురద మొదలైన రోజే స్టిక్కర్ ఆపేసి చర్మ డాక్టరుకు చూపించుకుంటే నయమయ్యే అవకాశం ఎక్కువ.

స్టిక్కర్ పడేవాళ్లు కూడా రాత్రి తీసి పడుకోవాలి. అద్దానికి అంటించి పొద్దున మళ్లీ అదే పెట్టుకునే అలవాటు మనలో ఉన్నదే. దుమ్ము పట్టిన జిగురు అది. కొత్తది తీయండి.

కుంకుమ పెట్టుకునేవాళ్లకు షోలాపూర్‌లో ఓ సౌకర్యం ఉంది. కుంకుమకు, బుక్కాకు పేరున్న పండరీపురం దగ్గరే. అసలైన కుంకుమ పసుపుకు సున్నం వంటి క్షారం తగిలితే వచ్చే ఎరుపు. అంగట్లో మరీ మెరిసే ఎరుపు, గులాబీ రంగు కనిపిస్తే అది చాలావరకు రసాయన రంగే. కొంచెం చేతిమీద రాసి ఒకరోజు చూడండి. దురద లేకుంటే నుదుటికి వాడండి.

గోరింటాకుకు రెండు పండుగలు

తెలుగువాళ్లకు ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోవడం ఆనవాయితీ. మరాఠీ ఆడపడుచులు శ్రావణంలో నాగపంచమికి మెహందీ పెట్టుకుంటారు. షోలాపూర్ తెలుగు పిల్లకు రెండూ దక్కుతాయి. ఆషాఢంలో పండిన చేయి వెలిసేసరికి నాగపంచమి వచ్చేస్తుంది.

ఆకు కోసుకుని, కాస్త చింతపండు వేసి రోట్లోనో మిక్సీలోనో రుబ్బుకుంటే అంతకు మించిన అలంకారం లేదు. అది నారింజగా మొదలై మర్నాటికి ఎర్రబడుతుంది. గంటలో నల్లగా పండే ‘కాలీ మెహందీ’ కోన్ల జోలికి మాత్రం పోవద్దు. గోరింటాకు ఎప్పుడూ నల్లగా పండదు. ఆ నలుపు జుట్టు రంగులో వాడే పీపీడీ అనే రసాయనానిది. చర్మం మీద పెడితే బొబ్బలు లేవొచ్చు. ఒకసారి పడకుండా పోతే ఆ తర్వాత జుట్టుకు రంగు వేసినప్పుడల్లా తల, ముఖం వాచే ప్రమాదం ఉంటుంది. పెళ్లిళ్ల సీజనులో పసిపిల్లల చేతులకు కూడా వీటితో ముగ్గులేస్తున్నారు. అది ఆపాలి.

డబ్బా మీద పేరు లేని క్రీము

“పెండ్లిచూపులకు ఇంక నెల్రోజులే ఉంది. పిల్ల జర తెల్లగైతే మంచిగుంటది..” ఆడపిల్ల ఉన్న ఏ ఇంట్లోనైనా ఏదో ఒకరోజు వినపడే మాట ఇది. మాట అన్నది మేనత్తో, పక్కింటి పెద్దమ్మో, ఆఖరికి కన్నతల్లో. ఆ మాట పడ్డ మర్నాడే పిల్ల ఓ క్రీము తెచ్చుకుంటుంది. నిజంగానే పది రోజుల్లో ముఖం తెల్లబడుతుంది. ఇల్లంతా మెచ్చుకుంటుంది. అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది.

త్వరగా తెల్లబరిచే క్రీముల్లో తరచుగా ఉండేవి రెండు. ఒకటి స్టెరాయిడ్, రెండోది పాదరసం.

స్టెరాయిడ్ పూతలు గజ్జి, తామర, ఎగ్జిమా అంటూ మందుల షాపులో దొరికేవే. డాక్టరు చెప్పిన జబ్బుకు, చెప్పినన్ని రోజులు వాడితే అవి మంచి మందులు. ముఖం తెలుపు కోసం నెలల తరబడి పూస్తే చర్మం పలచబడి ఎర్రబడుతుంది. సన్నటి రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి. మొటిమలు విజృంభిస్తాయి. బుగ్గల మీద, గడ్డం మీద వెంట్రుకలు మొలుస్తాయి. మానేస్తే మంట, దురద, ముందుకన్నా నలుపు. భయపడి మళ్లీ పూస్తారు. అలా అది వదలని అలవాటవుతుంది. ఈ దుర్వినియోగం చూసే 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్యశాఖ 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని నిబంధన తెచ్చింది. ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథసోన్, మోమెటసోన్ వంటి పేర్లలో ఏదున్నా అది అందం క్రీము కాదు, మందు.

పాదరసం ఇంకా ప్రమాదం. అది చర్మంలో రంగు తయారు కాకుండా అడ్డుకుంటుంది. చర్మం గుండా రక్తంలోకి పోయి కిడ్నీలను దెబ్బతీస్తుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో మూత్రంలో ప్రొటీన్ పోయే అరుదైన కిడ్నీ జబ్బు ఒక్కసారిగా ఎక్కువమందిలో కనిపించింది. డాక్టర్లు కూపీ లాగితే చాలామంది తెల్లబడే క్రీములు వాడినవాళ్లేనని తేలింది. మనదేశంలో క్రీముల్లో పాదరసం కలపడం నిషిద్ధం. అయినా దొంగచాటుగా, పరాయి దేశపు పేర్లతో, అసలు పేరే లేని తెల్లడబ్బాల్లో వస్తూనే ఉన్నాయి.

ఎలా గుర్తుపట్టాలి? డబ్బా మీద తయారీదారు పేరు, అడ్రసు, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు, ఏమేం కలిపారో ఉండాలి. ఇవి లేనిది ఎంత చవకైనా ముట్టొద్దు. ‘మెర్క్యురీ’, ‘కాలోమెల్’ అన్న మాటలుంటే పాదరసం ఉన్నట్టే. ‘బంగారం, వెండి నగలకు తగలనివ్వొద్దు’ అని రాసి ఉన్నా అనుమానించాల్సిందే. పాదరసం బంగారాన్ని పట్టుకుంటుంది కాబట్టే ఆ హెచ్చరిక. నగను పాడుచేసేది ముఖాన్ని ఏం చేస్తుందో ఆలోచించుకోవచ్చు.

ఇప్పటికే వాడుతున్నవాళ్లు సిగ్గుపడి దాచుకోవద్దు. స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపితే ముఖం భగ్గుమంటుంది. డబ్బాతో సహా చర్మ డాక్టరు దగ్గరికి పోవాలి. షోలాపూర్‌లో అందరూ ‘సివిల్’ అని పిలిచే ప్రభుత్వ బోధనాసుపత్రి ఉండనే ఉంది. పాదాలు, ముఖం వాచినా, మూత్రంలో నురగ ఎక్కువగా కనిపించినా ఆలస్యం చేయకుండా మూత్ర పరీక్ష చేయించుకోవాలి.

కట్టులో రెండూళ్ల సొగసు

సంక్రాంతికి నల్లచీర కట్టడమంటే తెలుగు అత్తగారికి మింగుడుపడని సంగతి. పండుగపూట నలుపేమిటంటుంది. మరాఠీ ఇళ్లలో మాత్రం సంక్రాంతికి నల్లచీరే ముచ్చట. చలికాలపు పండుగ కదా, నలుపు వెచ్చదనమని వాళ్ల లెక్క. షోలాపూర్ తెలుగు కోడళ్లు దీనికో మధ్యేమార్గం కనిపెట్టుకున్నారు. పొద్దున పూజకు పసుపో, ఎరుపో. సాయంత్రం పక్కింట్లో హళ్దీకుంకూ పేరంటానికి నల్లచీర. అత్తగారి మాటా దక్కింది, వహినితో స్నేహమూ దక్కింది. సొంత స్టయిల్ అంటే ఇదే. ఎవరినో చూసి అచ్చుదించడం కాదు, ఉన్న రెండింటినీ తనకు నప్పేలా కలుపుకోవడం.

బతుకమ్మకు చెక్కిన పూలతట్ట చేతపట్టుకుని నడిచేటప్పుడు చెంగు జారకుండా కట్టుకోవడం ఇక్కడి ఆడవాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. రోజువారీకి కూడా కొన్ని చిన్న సూత్రాలు పనికొస్తాయి.

చీర రంగును దుకాణంలో ట్యూబులైటు కింద తేల్చొద్దు. గుమ్మం దగ్గరికి తెచ్చి పగటి వెలుగులో భుజం మీద వేసుకుని ముఖం చూసుకోవాలి. ముఖం కళగా కనిపిస్తే అది మీ రంగు. చామనఛాయ ఉన్నవాళ్లు లేతరంగులే కట్టాలన్న రూలేమీ లేదు. ఆవపువ్వు పసుపు, కుంకుమ ఎరుపు, నెమలికంఠం నీలం వాళ్ల మీద నిండుగా ఉంటాయి.

ప్రతి చీరకూ జాకెట్టు కుట్టించుకునే స్తోమత అందరికీ ఉండదు. నలుపు, మెరూన్, బంగారు రంగు.. ఈ మూడు జాకెట్లు భుజం దగ్గర, చంక దగ్గర సరిగ్గా అమిరేలా కుట్టించుకుంటే పది చీరలకు సరిపోతాయి. చీర వెయ్యి రూపాయలదైనా జాకెట్టు వదులైతే కళ పోతుంది. రెండువందల నూలుచీరైనా జాకెట్టు అమిరితే నిండుదనం వస్తుంది.

నూలుచీరకు పలచటి గంజి పెట్టాలి. నేతగాళ్ల ఇళ్లలో గంజి గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. పడుగుకు గంజి పట్టించిన చేతులే అవి. తిరగేసి నీడన ఆరేస్తే రంగు నిలుస్తుంది. తుప్పు పట్టిన పిన్నులు పారేయాలి. అవి చీరనూ చింపుతాయి, వేలికీ గుచ్చుకుంటాయి.

వన్‌గ్రామ్ నగలతో చెవులు, మెడ దురద పెడితే చాలామందిలో దానికి కారణం వాటిలోని నికెల్. ఆ నగ పక్కన పెట్టి నల్లపూసలు, పూసల గొలుసు, గాజుగాజులతో సరిపెట్టుకోవచ్చు. మరాఠీ పద్ధతి ఆకుపచ్చ గాజులు, మన పద్ధతి ఎర్రగాజులు కలిపి వేసుకునే చేతులు ఈ ఊళ్లో ఎన్నో. దేవుడికి తెచ్చిన పూలలో ఓ చిన్న మూర జడకు మిగుల్చుకుంటే ఇక చెప్పేదేముంది!

పళ్లెంలోదే ముఖంలో

ముఖం పాలిపోయి, జుట్టు గుప్పెళ్లు గుప్పెళ్లుగా ఊడుతుంటే నూనె మార్చడం కాదు, రక్తం పరీక్ష చేయించుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే సగం కంటే ఎక్కువమంది. ఆ పాలిపోవడాన్ని ఏ పౌడరూ దాచలేదు.

షోలాపూర్ తిండిలోనే దీనికి చాలావరకు దారి ఉంది. జొన్నరొట్టె, పల్లీల పొడి.. అదే ఇక్కడి పేరున్న శేంగాచట్నీ.. ఏదో ఒక ఆకుకూర, పక్కన నిమ్మచెక్క. నిమ్మను ముఖానికి కాదు, కూరలో పిండుకోవాలి. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టడానికి అది సాయపడుతుంది. తిన్న వెంటనే చాయ్ తాగితే ఆ ఇనుము సరిగా అందదు. గంట ఆగి తాగాలి. బీడీ పని మధ్యలో ఆకలి చంపుకోవడానికి చాయ్ మీద చాయ్ తాగే అలవాటు అందరికన్నా ఈ ఆడవాళ్లనే ఎక్కువ దెబ్బతీస్తుంది. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటును మార్చడం కూడా అందం పాఠమే.

ఇంతకీ పావుగంట ఎక్కడిది?

అసలు ప్రశ్న ఇది. వెయ్యి బీడీల లెక్క పూర్తికావాలి. వంట కావాలి. పిల్లల్ని పంపాలి. కుంభారి దగ్గర 2006లో బీడీ కార్మికులకు పదివేల ఇళ్ల కాలనీ వచ్చింది. 2024లో రేనగర్‌లో 15 వేల ఇళ్లు చేతికొచ్చాయి. ఇరుకు గదుల నుంచి సొంత గోడల మధ్యకు వచ్చిన ఆడవాళ్లు చాలామంది. సొంత గోడ అంటే సొంత అద్దం పెట్టుకునే చోటు కూడా. అయినా సమయం మాత్రం ఎవరూ కట్టించి ఇవ్వరు.

పొద్దున ఐదు నిమిషాలు: ముఖం కడగడం, వదులుగా జడ, శుభ్రమైన బొట్టు. పని ముగిశాక ఐదు నిమిషాలు: చేతులు, గోళ్లు, ముఖం కడగడం, తలగుడ్డ విదిలించడం. పడుకునే ముందు ఐదు నిమిషాలు: స్టిక్కర్ తీయడం, చేతులకూ పాదాలకూ నూనె. మొత్తం పావుగంట. ఖర్చు రోజుకు రెండు మూడు రూపాయలు దాటదు. ఆ పావుగంట మాత్రం ఇంట్లోవాళ్లు ఇవ్వాలి. ఇవ్వకపోతే తీసుకోవాలి.

షోలాపూర్‌కు 70 కిలోమీటర్ల దూరంలో పండరీపురం ఉంది. ఆషాఢ ఏకాదశికి లక్షలమంది నడిచిపోయి దర్శించుకునే విఠోబాది నల్లటి రూపం. భక్తులు ఆయన్ను ‘సావళా’ అని, అంటే చామనఛాయవాడా అని ముద్దుగా పిలుచుకుంటారు. ఆ రంగును చూసి కళ్లు తుడుచుకుని వచ్చినవాళ్లే ఇంటికొచ్చి ఆడపిల్లను తెల్లబడమంటే ఎట్లా?

రేపు పొద్దున అద్దం ముందు నిలబడే పిల్లకు ఆ మాట ఒక్కటి చెప్పండి. పేరులేని డబ్బాను చెత్తబుట్టలో వేయించండి. కొబ్బరినూనె సీసా చేతికివ్వండి. ముఖం తేటగా ఉంటే, చేయి మెత్తగా ఉంటే, నడకలో బెరుకు లేకుంటే.. అంతకన్నా తెలుపు ఎవరికి కావాలి!